ట్రంకు పెట్టెలో పట్టిన దేశం

బాన్సువాడలో మాకు డ్రాయింగ్ చెప్పిన మేడం గీసిన బొమ్మల్లో ట్రంకు పెట్టెలో పట్టనిది దాదాపు లేదు. కాగితమైతే పెట్టె అడుగున పరిస్తే సరిపోవాలి. బట్ట మీద కుట్టిందైతే మడిచి పెట్టినాక మూత పడాలి. సిపాయి ఇల్లాలికి రెండు మూడేళ్లకోసారి ఊరు మారుతుంది. క్వార్టరు ఖాళీ చేసే రోజున మిలిటరీ ఇళ్ల బాగోగులు చూసే ఎంఈఎస్ వాళ్లు లిస్టు పట్టుకుని వస్తారు. మంచాలెన్ని, బల్లలెన్ని, కిటికీ అద్దాలెన్ని, గోడకు కొత్తగా మేకు దిగిందా, సున్నం మీద మరక పడిందా అని చూసుకుంటారు. చెడిన దాని ఖరీదు భర్త జీతంలో కోస్తారు. గోడ మీద గీత గీయడానికి వీల్లేని అలాంటి ఇళ్లలో ఆమె తన పడుచు వయసంతా కాపురం చేశారు. కళ్లముందు తెల్లటి గోడ ఉండి, చేతిలో కుంచె ఉండి, గీయకుండా ఊరుకోవడం ఎలా ఉంటుందో బొమ్మలు వేసే వాళ్లకు తెలుస్తుంది.

ఆ ట్రంకు పెట్టెను మేమంతా చూశాం. నల్ల రంగు వేసిన ఇనుప పెట్టె. మూత మీద తెల్ల అక్షరాలతో భర్త నంబరు, ర్యాంకు, పేరు. ప్రమోషన్ వచ్చినప్పుడల్లా పాత ర్యాంకు మీద నల్ల రంగు పూసి కొత్తది రాసింది ఆమే. ఆమె చేతిరాత చూసి క్వార్టర్ల లైన్‌లో ఉన్న మిగతా ఇళ్ల వాళ్లూ తమ పెట్టెలు తెచ్చి వరండాలో పెట్టేవారట. పంజాబీల పెట్టెలు, గఢ్వాలీల పెట్టెలు, తమిళుల పెట్టెలు. ఎవరికైనా బదిలీ ఆర్డరు వచ్చిందంటే ఆమెకు ఒక రోజు పని. అక్షరానికి అక్షరానికి మధ్య ఎంత జాగా వదలాలో నేను ఆ పెట్టె మీదే నేర్చుకున్నానని మాతో అనేవారు. మా బోర్డు మీద ఆమె రాసే తెలుగు అక్షరాలు కూడా అలాగే ఉండేవి. నిదానంగా, సమానంగా, దూరం నుంచి చదవడానికి వీలుగా.

మా ఊళ్లో ఆమెను మిలిట్రీ మేడం అనేవారు. రిజిస్టరులో ఉన్న అసలు పేరు జీతం రాసే గుమస్తాకు తప్ప ఎవరికీ నోరు తిరిగేది కాదు. నేనూ ఇక్కడ ఆ పేరు రాయడం లేదు. బతికుండగా ఒకసారి మీ గురించి పత్రికకు రాస్తానంటే, 'రాస్తె రాయి గని నా పేరెందుకు బిడ్డా, నా అసొంటోళ్లు లైన్లకు లైన్లు ఉన్నరు' అన్నారు. ఆ మాట పట్టుకునే ఈ వ్యాసం రాస్తున్నాను. ఆమె ఒక్కరి కథగా చదివితే సగమే చదివినట్టు.

ఆమె వచ్చిననాటి బాన్సువాడను ఇప్పటి పిల్లలకు చెప్పాలి. 1980ల మొదట్లో అది నిజామాబాద్ జిల్లాలో ఒక తాలూకా కేంద్రం. 1985లో మండలాలు వచ్చాయి, 2016లో కామారెడ్డి జిల్లా అయింది, అవన్నీ తర్వాతి మాటలు. మంజీర మీద 1923లో మొదలుపెట్టి 1931లో పూర్తిచేసిన నిజాంసాగర్ మాకు పైన ఉంది. దాని కాలువ నీళ్లతో వరి, చెరకు. చెరకు బోధన్‌కు పోయేది, నిజాం చక్కెర ఫ్యాక్టరీకి. కాలువ కింద భూములు కొనుక్కుని కోస్తా జిల్లాల నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్ల ఊళ్లను క్యాంపులనేవాళ్లం. మద్నూర్, బిచ్కుంద వైపు నుంచి వచ్చే పిల్లలకు మరాఠీ వచ్చు, జుక్కల్ వైపు వాళ్లకు కన్నడం వచ్చు, బజారులో దక్కనీ ఉర్దూ అందరికీ వచ్చు. ఇన్ని భాషలు చెవిన పడుతున్నా మాలో చాలామందిమి నిజామాబాద్ దాటి చూడలేదు. రైలెక్కాలంటే బస్సులో కామారెడ్డి పోవాలి, అక్కడ చిన్న లైను బండి. ఆమె ఆ చిన్న లైను బండిలోనే సికింద్రాబాద్ పోయి, అక్కడ పెద్ద లైనుకు మారి, మిలిటరీ వారంటు చూపించి, హోల్డాలూ ట్రంకూ కూలీ నెత్తిన పెట్టించి, పిల్లను చంకనేసుకుని జబల్పూర్ పోయిన మనిషి.

మా తాతల తరానికి మిలిట్రీ అంటే 1948 సెప్టెంబరులో పోలీస్ యాక్షన్‌కు వచ్చిన ట్రక్కులు. ఆ మాట వింటే ముసలివాళ్లు గొంతు తగ్గించి మాట్లాడేవారు. అలాంటి ఊళ్లోకి లేడీస్ సైకిల్ మీద, నేత చీర మీద తనే అల్లుకున్న ముదురాకుపచ్చ స్వెట్టరుతో, క్యారేజీకి డ్రాయింగ్ బోర్డు కట్టుకుని ఆమె బడికి వచ్చేవారు. సైకిల్ జబల్పూర్‌లో నేర్చుకున్నారట. మొదటి రోజుల్లో ఆమె వెనక పిల్లలు పరుగెత్తేవారు. కొన్నాళ్లకు పరుగులు ఆగాయి. ఆ తర్వాత మా క్లాసులో ఇద్దరు ఆడపిల్లలు సైకిల్ కొనిమ్మని ఇళ్లల్లో అడిగారు.

ఆమె భర్త 1962 చైనా యుద్ధం తర్వాత సైన్యంలో చేరినవాడు. దేశమంతా భర్తీ జోరుగా సాగిన రోజులు అవి. సిగ్నల్స్‌లో తీసుకున్నారు, శిక్షణ జబల్పూర్‌లో. పింఛనుకు కావలసిన పదిహేనేళ్లు దాటించి, హవల్దారుగా రిటైరై వచ్చి బాన్సువాడలో రేడియో రిపేరు దుకాణం పెట్టుకున్నాడు. మాట తక్కువ మనిషి. మేడం మాత్రం ఏ ఊరి పేరెత్తినా కథ చెప్పేవారు.

కంటోన్మెంటులో ఆడవాళ్ల బతుకు గురించి సినిమాల్లో చూసిందే చాలామందికి తెలుసు. అవి ఆఫీసర్ల బంగళాలు. సిపాయిలకూ హవల్దార్లకూ దొరికేవి ఒకటిన్నర గదుల క్వార్టర్లు, అవీ సీనియారిటీ వరసలో. నంబరు వచ్చేదాకా ఇల్లాలు అత్తగారింటి దగ్గర ఉండాలి. క్వార్టరు వచ్చి కాపురం కుదురుకునే సరికి భర్తకు ఫీల్డు పోస్టింగు వస్తుంది, అక్కడికి కుటుంబం పోకూడదు. అప్పుడు మళ్లీ ఎక్కడుండాలన్న లెక్క. ఉత్తరం రాయాలంటే చిరునామాలో ఊరి పేరుండదు. యూనిట్ పేరు, కేరాఫ్ 56 ఏపీఓ, లేదా కేరాఫ్ 99 ఏపీఓ. తూర్పు వైపు దళాలకు 99, మిగతా వైపులకు 56. 56 అని రాస్తే ఢిల్లీ పోయి అక్కడ విడదీస్తారు, 99 అయితే కలకత్తా. పెళ్లయి రెండేళ్లు తన మొగుడు ఏ కొండ మీదున్నాడో తెలియకుండా ఉత్తరాలు రాశానని ఆమె చెప్పేవారు. ఆయన జవాబులో ఊరు పేరు రాయకూడదు కాబట్టి అక్కడ చూసిన చెట్టు గురించి, గుడిసె కప్పు గురించి, ఆడవాళ్లు కట్టుకున్న బట్ట గురించి రాసేవాడట. ఆ వర్ణన బట్టి ఆమె బొమ్మ గీసి తిరిగి పంపేవారు. కప్పు వాలు తప్పింది, ఇంకా కిందికి దిగాలి అని ఆయన సరిచేసేవాడు. భార్యాభర్తలిద్దరూ అలా ఇన్లాండు కవరు మీద అస్సాం ఇంటిని కట్టారు.

ఆమెకు బొమ్మలు నేర్పిన గురువులు పక్క క్వార్టర్ల ఆడవాళ్లు. బరేలీలో ఉన్నప్పుడు పక్కింటామె కుమావోన్ కొండల మనిషి. దీపావళికి ముందు గడపను గేరుతో ఎర్రగా అలికి, బియ్యం నానబెట్టి రుబ్బిన పిండినీళ్లలో కుడిచేతి చివరి మూడు వేళ్లు ముంచి గీతలు లాగేది. దాన్ని ఐపణ్ అంటారు. మన ఇళ్లలో గడపకు జాజు పూసి ముగ్గు పెట్టినట్టే. తేడా అంతా వేళ్లలో ఉంది. మనం బొటనవేలూ చూపుడువేలూ నలిపి పొడి వదులుతాం, వాళ్లు తడి పిండిని మూడు వేళ్లతో గీస్తారు. గడప మీద వేసింది కడిగితే పోతుంది కాబట్టి ఎంఈఎస్ లిస్టుకు దొరకదు, అందుకే క్వార్టర్లలో గడపలే మా కాన్వాసులు అనేవారు ఆమె. మౌలో మాళ్వా ఇళ్ల మాండనా చూశారు. అక్కడా ఎర్రమట్టే, పైన తెల్లసుద్ద. జలంధర్‌లో ఒక పంజాబీ పెద్దావిడ దగ్గర ఫుల్కారీ పట్టారు. ముతక ఖద్దరు మీద, పేట లేని పట్టుదారంతో, బట్ట వెనక వైపు నుంచి పోగులు లెక్కపెట్టుకుంటూ కుట్టాలి. అచ్చు వేసి గీసుకోవడం ఉండదు, లెక్కే గీత. జబల్పూర్‌లో బెంగాలీ పొరుగామె పాత చీరలు నాలుగు పొరలు వేసి, అంచు నుంచి లాగిన దారంతోనే కాంథా కుట్టేది. అది చూసి మేడం మా అమ్మ కుట్టే బొంత ఇదే కదా అని తన బొంత బయటికి తీశారట. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు. ఆ మధ్యాహ్నం నుంచి ఇద్దరూ కలిసి ఒకే బట్ట మీద రెండు వైపుల నుంచి కుట్టడం మొదలుపెట్టారు. ఆ బట్ట ట్రంకులో అన్నిటికంటే అడుగున ఉండేది. మాకు చూపించేటప్పుడు చేతులు కడుక్కుని తీసేవారు.

తీసుకోవడమే కాదు, ఇచ్చారు కూడా. బరేలీలో తంగేడు దొరకదు, గునుగు దొరకదు. దొరికిన బంతిపూలతోనే తాంబాళంలో బతుకమ్మ పేర్చారు. లైన్‌లో తెలుగువాళ్లు ఒకరో ఇద్దరో. అయినా సాయంత్రానికి సర్దార్ల ఇళ్ల ఆడవాళ్లు, కొండల ఆడవాళ్లు, తంజావూరు వైపు ఒకావిడ చుట్టూ చేరి చప్పట్లు కొట్టారు. చెరువు లేదు కాబట్టి బట్టలుతికే తొట్టిలో నీళ్లు నింపి వదిలారు. మరుసటేడు ఆమె పుట్టింటికి వచ్చి ఉంటే, అక్కడి వాళ్లు ఆమె లేకుండానే పూలు పేర్చారని ఉత్తరం వచ్చిందట. దాన్ని ఆమె చాలాసార్లు చెప్పారు. ఎప్పుడు చెప్పినా ముఖం వెలిగేది.

1971 డిసెంబరులో ఆమె జలంధర్‌లో ఉన్నారు. 3వ తేదీన మొదలైన యుద్ధం పడమటి వైపు 17న ముగిసింది. ఆ రెండు వారాలూ రాత్రి దీపం బయటికి కనపడకూడదు. కిటికీ అద్దాలకు నల్ల కాగితాలు అంటించారు. సైరను మోగితే పిల్లలను తీసుకుని క్వార్టర్ల వెనక తవ్విన గోతుల్లోకి దిగాలి. భర్తలు ఎక్కడున్నారో ఎవరికీ తెలియదు. లైన్‌లోకి టెలిగ్రాం సైకిల్ వస్తే, అది ఏ గుమ్మం దగ్గర ఆగుతుందో చూస్తూ అన్ని గుమ్మాల్లోనూ ఆడవాళ్లు నిలబడేవారు. ఆ సైకిల్ రెండు గుమ్మాల అవతల ఆగిన రోజు గురించి ఆమె ఒక్కసారే చెప్పారు. వివరాలు చెప్పలేదు, మేమూ అడగలేదు. ఆ రాత్రి లైన్‌లో పిల్లలందరినీ తన గదిలో కూర్చోబెట్టుకున్నారట. నల్ల కాగితం అంటించిన కిటికీ మీద సుద్దముక్కతో ఏనుగు, ఒంటె, రైలు బండి గీసి వాళ్లకు చూపిస్తూ తెల్లవార్లూ గడిపారు. నల్ల కాగితం మీద తెల్ల సుద్ద. మాకు బ్లాక్‌బోర్డు మీద బొమ్మ గీసేటప్పుడు ఆమె మౌనంగా ఉండేవారు, మామూలుగా మాట్లాడుతూ పాఠం చెప్పే మనిషి. కారణం అదేనని నేననుకుంటాను.

టీచరు ఎలా అయ్యారో కూడా చెప్పాలి. 1962లో కేంద్ర ప్రభుత్వం బదిలీల ఉద్యోగుల పిల్లల కోసం సెంట్రల్ స్కూళ్ల పథకం పెట్టి, 1963లో మొదట 20 రెజిమెంటల్ బడులను తీసుకుంది. అవే తర్వాత కేంద్రీయ విద్యాలయాలయ్యాయి. అయినా చిన్న పిల్లలకు యూనిట్ నడిపే నర్సరీ బడులే దిక్కు, వాటిలో చెప్పేది సిపాయిల భార్యల్లో చదువుకున్నవాళ్లు. 1966లో సైనికుల భార్యల సంక్షేమ సంఘం ఏర్పడింది, దాన్ని ఆవా అంటారు. వెల్ఫేర్ సెంటర్లలో కుట్టు, అల్లిక నేర్పే పని ఆమె చేశారు. భర్త తేజ్‌పూర్ వైపు ఫీల్డులో ఉన్న కాలంలో సికింద్రాబాద్ తిరుమలగిరిలో ఉండి డ్రాయింగ్ లోయర్, హయ్యర్ పరీక్షలు రాసి, వేసవి శిక్షణతో టీటీసీ కూడా పూర్తిచేశారు. ఆ సర్టిఫికెట్ల వల్లే బాన్సువాడలో మాకు దొరికారు. అంతకు ముందు ప్రతి స్టేషన్లోనూ నేర్పే పనిలో చేరారు, ప్రతి స్టేషన్లోనూ బదిలీ రాగానే మానేశారు. ఆయన సర్వీసు ఒక్క రోజు కూడా పోకుండా లెక్కకు వచ్చింది. ఆమె నేర్పిన ఏళ్లు ఏ పుస్తకంలోనూ ఎక్కలేదు, వాటికి పింఛను లేదు, అనుభవ ధ్రువపత్రం లేదు. దీన్ని ఆమె ఫిర్యాదుగా ఎప్పుడూ అనలేదు. నేను అంటున్నాను. ఇది అన్యాయం.

మా బడిలో డ్రాయింగ్ పీరియడ్ వారానికి రెండు. పరీక్షలు దగ్గర పడితే లెక్కల సారు తీసుకునేవారు. మిగిలిన వాటిలోనే ఆమె చేసిన పని చూడాలి. క్యామ్లిన్ రంగుల పెట్టె క్లాసులో ఇద్దరు ముగ్గురికే ఉండేది. అందుకని మొదటి నెల మేం బొమ్మ వేయలేదు, రంగులు చేశాం. జాజు నూరి వడగట్టాం. బట్టల నీలిమందు, పసుపు, సున్నం, దీపం మసి తెచ్చాం. కాముని పున్నమికి ముందు మోదుగ పూలు ఏరుకొచ్చి ఉడకబెట్టాం. చింతగింజలు నానబెట్టి, రుబ్బి, ఉడికించి జిగురు తీశాం. చేర్యాల నకాషీ చిత్రకారులు బట్టకు పూత పెట్టడానికి ఈ జిగురే వాడతారని అప్పుడు తెలిసింది. జిగురు తక్కువైతే ఆరినాక రంగు వేలికి అంటుతుంది, ఎక్కువైతే పెచ్చులూడుతుంది. ఎంత అనేది ఆమె చెప్పలేదు, ఎవరి గిన్నెలో వాళ్లనే కలుపుకోమన్నారు.

తర్వాత చెంబు. ఇత్తడి చెంబును స్టూలు మీద పెట్టి గీయమన్నారు. అందరం మూతిని గుండ్రంగా, అడుగును చదునుగా గీశాం. ఆమె చెంబును మా కంటి ఎత్తుకు పైకెత్తి, ఇప్పుడు మూతి ఎట్ల కనపడుతుంది అన్నారు. ఒక గీత. కొంచెం కిందికి దించారు, సన్నని కోడిగుడ్డు ఆకారం. ఇంకా దించారు, వెడల్పు పెరిగింది. నేల మీద పెట్టి నిట్టనిలువుగా పైనుంచి చూడమంటే పూర్తి గుండ్రం. చెంబు మారలేదు, చూసే ఎత్తు మారింది. అడుగు మన కంటికి మూతి కంటే కింద ఉంటుంది కాబట్టి దాని వంపు ఇంకా ఎక్కువుండాలి, చదునుగా ఉండదు అని చేయి పట్టుకుని దిద్దారు. ఇది ఏ డ్రాయింగ్ పుస్తకంలోనైనా ఉంటుంది. కానీ ఆమె దాన్ని చెంబుతో ఆపలేదు. బావి గట్టు, ఎడ్లబండి చక్రం, వడ్లు కొలిచే మానిక, బియ్యం చెరిగే చాట, బతుకమ్మ తాంబాళం, ఊళ్లో గుండ్రంగా ఉన్నదల్లా గీయించారు. ఆ ఏడాది మాకు ఊరు కొత్తగా కనపడింది.

దేశపటం గీసేటప్పుడు ఆమె దగ్గర అట్లాసు ఉండేది కాదు. తను కాపురమున్న ఊళ్లను చుక్కలుగా పెట్టుకుని, ఒక చుక్క నుంచి ఇంకో చుక్కకు రైలు ఎన్ని రాత్రులు పోయిందో చెప్పి, ఆ లెక్కన దూరాలు గీయించేవారు. జబల్పూర్ మన నుంచి ఎంత, జలంధర్ ఎంత, తేజ్‌పూర్‌కు పోవాలంటే పటం ఎక్కడ సన్నగా మెడలాగా అవుతుంది. మంజీర కూడా గీయించారు. మహారాష్ట్రలో బీడ్ దగ్గర బాలాఘాట్ కొండల్లో పుట్టి, కర్ణాటక తగిలి, మన పక్క నుంచి పోయి కందకుర్తి దగ్గర గోదావరిలో కలుస్తుంది. మన ఊరి నీళ్లు కూడా మూడు రాష్ట్రాలు తిరిగొచ్చినయే అన్నారు. మరాఠీ పిల్లలు, కన్నడం పిల్లలు ఆ రోజు క్లాసులో మెడ నిటారుగా పెట్టుకుని కూర్చున్నారు.

లోయర్ పరీక్షకు పిల్లలను ఆమే నిజామాబాద్ తీసుకుపోయేవారు. ఆ పరీక్ష పాసైన వాళ్లలో కొందరు డ్రాయింగ్ మాస్టర్లయ్యారు. మగపిల్లల్లో కొందరు సైన్‌బోర్డులు రాసే పనిలోకి పోయారు. బాన్సువాడ బజారులో ఎన్నో ఏళ్లు దుకాణాల మీద కనపడిన అక్షరాలు ఆ ట్రంకు పెట్టె అక్షరాల పిల్లలే. ఫ్లెక్సీలు వచ్చినాక ఆ కుంచెలు ఆగిపోయాయి. రాసేవాళ్లలో ఒకతను ఇప్పుడు ఫ్లెక్సీ మిషను దగ్గరే పనిచేస్తున్నాడు. అక్షరాల మధ్య జాగా కంప్యూటరు సరిగా వదలదని అతను చెబితే నాకు మేడం గుర్తొచ్చారు.

ఇంక, చివరికి ఆమె బొమ్మ వేసుకున్న గోడ సంగతి. సొంత ఇల్లు కట్టుకున్నాక ఆమె మొట్టమొదట చేసిన పని ముందుగది గోడకు జాజు పూయడం. దాని మీద తెల్లసుద్దతో, సున్నంతో, కొన్ని చోట్ల మా రంగులతో ఆ మూల నుంచి ఈ మూల దాకా గుమ్మాలు వేశారు. తను కాపురమున్న క్వార్టర్ల గుమ్మాలు, వరసగా. ఒక్కో గుమ్మం ముందు ఆ నేల ముగ్గు. బరేలీ గుమ్మం ముందు ఐపణ్, మౌ గుమ్మం ముందు మాండనా, జలంధర్ తలుపుకు ఫుల్కారీ పూల తెర. తను ఎన్నడూ చూడని అస్సాం ఇల్లు కూడా వేశారు, ఉత్తరాల్లో ఆయన సరిచేసిన వాలుతోనే. గుమ్మాల్లో మనుషులు లేరు. చెప్పులు మాత్రం ఉన్నాయి, ఒక్కో గుమ్మం ముందు ఒక్కో రకం. మనుషులను ఎందుకు వేయలేదని అడిగితే, అందరూ బదిలీ మీద పోయిన్రు అన్నారు. మేం సెలవుల్లో ఆ గోడ కింద కూర్చుని రంగులు నూరి ఇచ్చాం. నాకు తెలిసి బాన్సువాడలో ఒక మనిషి ఇష్టంతో వేసిన అంత పెద్ద బొమ్మ అదొక్కటే. చిత్రకళ మీద రాసిన ఏ పుస్తకంలోనూ దాని ప్రస్తావన ఉండదు. ఫోటో తీసినవాళ్లు కూడా లేరు. ఆ ఇల్లు చేతులు మారింది, పడగొట్టి దుకాణాలు కట్టారు.

ఆ బతుకు తీరే ఇప్పుడు లేదు. నల్ల ట్రంకులకు బదులు చక్రాల సూట్‌కేసులు వచ్చాయి. ఏ కొండ మీదున్నా సిగ్నల్ దొరికినప్పుడు వీడియోలో మాట్లాడుకుంటున్నారు. 2013 జులైలో టెలిగ్రాం సేవ ఆగిపోయింది. చిన్న లైను పోయి పెద్ద లైను వచ్చింది. 2015 డిసెంబరులో బోధన్ ఫ్యాక్టరీ కూడా మూతపడింది, చెరకు బండ్ల చప్పుడు పోయింది. వీటిలో అన్నిటికీ నేను బాధపడను. ఉత్తరం కోసం నెలల తరబడి గుమ్మంలో నిలబడే బతుకు తిరిగి రావాలని ఎవరూ కోరుకోకూడదు. ఇప్పటి సిపాయి భార్య తన ఉద్యోగం వదలకుండా ఒకచోట ఉండగలిగితే అది మంచిదే, మేడం ఉంటే ఆమె కూడా అదే అనేవారు. పోయినందుకు నాకు గుండె కలుక్కుమనేది ఇంకొకటి ఉంది. కుమావోన్ గడపనూ కామారెడ్డి గడపనూ ఒకే చేతితో గీయగల ఆడవాళ్లు ఒక తరంలో వేలమంది తయారయ్యారు. ప్రభుత్వం పనిగట్టుకుని చేసింది కాదు. బదిలీల వల్ల, ఒకటిన్నర గదుల వల్ల, పక్కింటి తలుపు తెరిచి ఉండటం వల్ల జరిగింది. వాళ్లలో కొందరు ఊళ్లకు తిరిగొచ్చి బడుల్లో చేరారు. తెలంగాణ చిత్రకళ అనగానే సిద్దిపేటలో డ్రాయింగ్ టీచరుగా పనిచేసిన కాపు రాజయ్య గారిని గౌరవంగా తలుచుకుంటాం, తలుచుకోవాలి. ఎగ్జిబిషన్ పెట్టని, కాన్వాసు కొనలేని, ట్రంకుకు సరిపడా మాత్రమే గీసిన ఈ ఆడవాళ్లను తలుచుకునేవాళ్లు వాళ్ల పిల్లలు, వాళ్ల దగ్గర చదువుకున్న మేం తప్ప లేరు.

పశ్చిమ గోదావరిలో మిలిటరీ మాధవరం అనే ఊరుంది. తరతరాలుగా ఇంటింటి నుంచి సైన్యానికి పోయిన ఊరు. అక్కడ యుద్ధాలకు పోయిన వాళ్ల జ్ఞాపకార్థం స్తంభం ఉంది. అది ఉండాల్సిందే. అలాంటి ఊళ్లలో ఇళ్లు నిలబెట్టిన ఆడవాళ్లు ఏం కుట్టారు, ఏం గీశారు, ఎక్కడెక్కడ ఏం నేర్చుకున్నారని అడిగి రాసుకునే పని ఇంకా మిగిలే ఉంది. 1960లలో కాపురానికి పోయిన వాళ్లకు ఇప్పుడు ఎనభై దాటాయి, లేదా దగ్గర పడ్డాయి.

బడుల సంగతి కూడా చెప్పి ముగిస్తాను. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో పిల్లలు వందకు మించితేనే కళలు నేర్పడానికి ఒక పార్ట్‌టైం బోధకుడు ఉండాలి. అంటే వందలోపు పిల్లలున్న పల్లె బడికి ఆ హక్కు కూడా లేదు. వంద దాటిన చోట్ల కూడా ఆ కుర్చీ చాలాసార్లు ఖాళీగానే ఉంటుంది. వంద మంది లేని బడిలో కూడా చెంబు మూతి ఎందుకు గుండ్రంగా కనపడదో తెలుసుకోవలసిన పిల్లలుంటారు. డ్రాయింగ్ టీచర్ల పోస్టులు నింపమని తల్లిదండ్రులు అడగాలి. లెక్కల సారును అడిగినంత గట్టిగా అడగాలి.

మీ ఇంట్లో అటక మీద నల్ల ట్రంకు పెట్టె ఉంటే, దాన్ని పాత ఇనుముకు వేయకండి. మూత తీసి, లోపలున్న బట్టలూ కాగితాలూ మీ అమ్మ ముందో, అమ్మమ్మ ముందో పరిచి, ఏది ఏ ఊళ్లో, ఏ సంవత్సరం, ఎవరి దగ్గర నేర్చుకుందో అడగండి. చెప్పింది చెప్పినట్టు ప్రతిదాని వెనక పెన్సిలుతో రాసి పెట్టండి.